బెంగళూరులో కొత్త కారు కొంటున్నారా? తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళు కారు కొనాలనుకున్నప్పుడు వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మారతహళ్ళిలో ఉన్నా, ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నా, వారమంతా నగరపు రద్దీలో నడిపి, పండగ వచ్చేసరికి అనంతపురానికో కడపకో నెల్లూరుకో బయలుదేరేవాళ్ళే ఎక్కువ. ఈ రెండు రకాల ప్రయాణాలకూ ఒకే బండి కావాలి. ఎంపిక కష్టమయ్యేది అక్కడే. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలను కొనే దశల వారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసినది మాత్రమే చదువుకోవచ్చు.

## నిర్ణయానికి ముందు

మెట్రో ఉంది, క్యాబులు ఉన్నాయి. మాకు అసలు సొంత కారు అవసరమా?

కొందరికి అవసరం లేదు. 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్–చల్లఘట్ట పర్పుల్ లైన్ పూర్తిగా నడుస్తోంది. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు యెల్లో లైన్ మొదలయ్యాక సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ కూడా మెట్రోకు కలిశాయి. ఇల్లు, ఆఫీసు రెండూ స్టేషనుకు నడిచే దూరంలో ఉంటే కారు వారంలో ఐదు రోజులు బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. వాయిదా, బీమా మాత్రం ఆగవు. గత మూడు నెలల క్యాబు బిల్లులు, ఊరికి వెళ్ళినప్పుడు కట్టిన అద్దె కారు ఖర్చు కూడి, నెల వాయిదాతో పోల్చి చూడండి. ఇంట్లో పసిపిల్లలో, తరచూ ఆసుపత్రికి వెళ్ళాల్సిన పెద్దలో ఉంటే ఈ లెక్క పక్కన పెట్టి కొనుక్కోండి. అర్ధరాత్రి క్యాబు కోసం ఫోను పట్టుకుని నిలబడే పరిస్థితి వాళ్ళకు రాకూడదు.

రోజూ ఆఫీసుకు కావాలి, ఏడాదికి నాలుగైదు సార్లు ఊరికీ వెళ్ళాలి. దేన్ని చూసి కొనాలి?

బండి పరిమాణం, గేరు రకం, ఇంధనం రోజూ తిరిగే దారిని బట్టి తేల్చుకోండి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, బాడీ గట్టిదనం, హెడ్‌లైట్లు ఊరి దారిని బట్టి తేల్చుకోండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తున్నారు. ఊరికి పనికొస్తుందని పెద్ద డీజిల్ బండి కొని రోజూ సిల్క్ బోర్డు దగ్గర అవస్థ పడతారు. లేదా సిటీలో తిరగడానికే కదా అని భద్రత తక్కువున్న చవక రకం తీసుకుని, అదే బండిలో పిల్లలను ఎక్కించుకుని రాత్రిపూట కర్నూలు హైవే ఎక్కుతారు.

టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో బెంగళూరు నగర మధ్యభాగంలో 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగం. అంత నెమ్మదిగా కదిలే చోట ఇంజను బలం ఎంతున్నా వాడుకునే వీలుండదు. కాలు నొప్పి పుట్టించని పెడల్స్, బాగా చల్లబరిచే ఏసీ, పక్కనుంచి దూసుకొచ్చే బైకులు కనిపించే అద్దాలు అక్కడ పనికొస్తాయి. చిక్కబళ్ళాపుర దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద 100 వేగంతో వెళ్తుండగా ఒక లారీ సూచన లేకుండా మీ వరుసలోకి వచ్చిందనుకోండి. అప్పుడు బండి అదుపు తప్పకుండా పట్టి ఉంచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, మంచి టైర్లు కాపాడతాయి.

ఒక నెలపాటు మీ ప్రయాణాలన్నీ రాసుకోండి: ఎక్కడికి, ఎంతమంది, ఎన్ని కిలోమీటర్లు, సామాను ఎంత. ఆ కాగితం చూశాక చాలా మోడళ్ళు జాబితాలోంచి వాటంతట అవే తొలగిపోతాయి.

అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు అందరం కలిసి తిరగాలి. ఏడు సీట్ల బండి తీసుకోవాలా?

ఏడుగురూ కలిసి వెళ్ళేది నెలకు రెండు మూడు సార్లైనా ఉంటేనే తీసుకోండి. ఏడాదికి రెండుసార్లే అయితే ఆ రెండుసార్లూ పెద్ద బండి అద్దెకు తీసుకోవడం చాలా చవక. నాలుగు మీటర్ల లోపు పొడవున్న ఏడు సీట్ల బండ్లలో మూడో వరుస పిల్లలకే సరిపోతుంది. ఆ వరుస తెరిస్తే డిక్కీలో రెండు సంచులు పెట్టడమే కష్టం. పెద్దవాళ్ళు మధ్య సీటు మడిచిన సందులోంచి వెనక్కి దూరి కూర్చోలేరు. ఏడు సీట్లు నిజంగా అవసరమైనవాళ్ళు మూడో వరుసలో తామే పావుగంట కూర్చుని, ఏసీ గాలి అక్కడికి వస్తుందో లేదో, మోకాళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకుని నిర్ణయించుకోవాలి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దల కోసమైతే సీట్ల సంఖ్య కన్నా సీటు ఎత్తు ముఖ్యం. నడుము ఎత్తుకు దగ్గరగా ఉన్న సీటులోకి వాళ్ళు వంగకుండా, ఎక్కకుండా కూర్చోగలుగుతారు. మరీ ఎత్తైన ఎస్‌యూవీలో చీర కట్టుకున్న అమ్మ కాలు ఎత్తి ఎక్కడానికి ఇబ్బంది పడుతుంది. మరీ కిందికి ఉండే సెడాన్‌లోంచి నాన్న లేవలేరు. వాళ్ళు ఊర్నించి వచ్చినప్పుడు షోరూమ్‌కు తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూడండి.

హ్యాచ్‌బ్యాకా, సెడానా, ఎస్‌యూవీనా?

ఇద్దరు లేదా చిన్నపిల్లలతో ముగ్గురు నలుగురు, ఎక్కువగా నగరంలోనే తిరుగుడు అయితే హ్యాచ్‌బ్యాక్ చాలు. హైవే ప్రయాణాలు ఎక్కువ, సామాను ఎక్కువ అయితే సెడాన్ నిలకడగా వెళ్తుంది, డిక్కీ కూడా విడిగా ఉంటుంది. నగరంలోని లోపలి వీధుల్లో లెక్కలేనన్ని హంపులు ఉంటాయి. ఐదుగురు కూర్చున్నాక నేలకు తగలకుండా ఉండాలంటే గ్రౌండ్ క్లియరెన్స్ 180 మిల్లీమీటర్ల దాకా ఉంటే నిశ్చింత. దాని కోసం పెద్ద ఎస్‌యూవీ అక్కర్లేదు, చాలా చిన్న బండ్లకూ అంత ఎత్తు ఉంటోంది.

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ చాలా ఇరుకు. ఏమేం కొలవాలి?

రెండు స్తంభాల మధ్య వెడల్పు, వెనక గోడ నుంచి దారి వరకు పొడవు, బేస్‌మెంట్ పైకప్పు నుంచి వేలాడే పైపుల ఎత్తు టేపుతో కొలవండి. కంపెనీ చెప్పే వెడల్పులో పక్క అద్దాలు సాధారణంగా కలవవు. తలుపు తెరుచుకుని మనిషి దిగడానికి పక్కన కనీసం రెండడుగుల ఖాళీ కావాలి. పైనొకటి కిందొకటి ఎక్కించే యంత్రపు పార్కింగ్ అయితే దాని ఎత్తు, బరువు పరిమితి అక్కడి బోర్డు మీద రాసి ఉంటుంది. వాలుదారి మలుపు పదునుగా ఉంటే టర్నింగ్ రేడియస్ (బండి మలుపు తిరగడానికి కావలసిన చోటు) తక్కువున్న బండి చూడండి. లేకపోతే రోజూ ఉదయం ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పుకోవాల్సి వస్తుంది.

## డబ్బు లెక్క

ప్రకటనలో ఉన్న ధరకూ చివరికి కట్టేదానికీ ఇంత తేడా ఎందుకు?

ప్రకటనలో ఉండేది ఎక్స్‌షోరూమ్ ధర. దాని మీద జీవితకాల రోడ్డు పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు, ఫాస్టాగ్ కలుస్తాయి. కర్ణాటకలో పెట్రోలు, డీజిల్ కార్లకు రోడ్డు పన్ను ఎక్కువ. ధర 5 లక్షల లోపైతే 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య 14 శాతం, 10 నుంచి 20 లక్షల మధ్య 17 శాతం, ఆపైన 18 శాతం. ఆ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు ఉంటుంది.

ఉదాహరణకు ఎక్స్‌షోరూమ్ ధర 9 లక్షలైతే 14 శాతం అంటే 1,26,000. దాని మీద సెస్సు 13,860. పన్నే దాదాపు లక్షా నలభై వేలు. బీమా కూడా కలిస్తే బండి ఇంటికొచ్చేసరికి సుమారు పదిన్నర నుంచి పదకొండు లక్షలు. అందుకే బడ్జెట్ ఎప్పుడూ ఇవన్నీ కలిసిన ఆన్‌రోడ్ ధరలోనే అనుకోండి. ధర 10 లక్షలు దాటితే డీలరు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు.

10 లక్షల లోపు ఆపుకుంటే నిజంగా కలిసొస్తుందా?

కర్ణాటకలో కలిసొస్తుంది. 9.9 లక్షల బండికి పన్ను, సెస్సు కలిపి సుమారు 1,53,850. ధర 10.5 లక్షలకు పెరిగితే మొత్తం ధర మీద 17 శాతం పడి, సెస్సుతో సుమారు 1,98,150 అవుతుంది. బండి ధరలో 60,000 తేడాకు పన్నులోనే 44,000 పైన పెరిగింది. ఒకే మోడల్‌లో ఒక మెట్టు కింది రకానికీ (వేరియంట్) పైదానికీ మధ్య ఊగుతున్నప్పుడు ఈ గీత ఎక్కడ పడుతుందో చూసుకోండి. అయితే ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ ఆ పై రకంలోనే ఉంటే మాత్రం పన్ను చూసి వెనక్కి తగ్గకండి.

చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గిందంటున్నారు. ఏ కార్లకు?

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజనున్న కార్లకు 18 శాతం. అంతకు మించినవాటికి 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతం. ఎక్స్‌షోరూమ్ ధరలో ఇది ముందే కలిసి ఉంటుంది, విడిగా కట్టనక్కర్లేదు.

లోను ఐదేళ్ళు పెట్టుకోవాలా, ఏడేళ్ళా?

8 లక్షల లోను, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్ళకైతే నెలకు సుమారు 16,600, మొత్తం వడ్డీ 1,96,000 పైచిలుకు. ఏడేళ్ళకైతే నెలకు సుమారు 12,870, మొత్తం వడ్డీ 2,81,000 దాకా. నెలకు 3,700 తేలిక కోసం 85,000 ఎక్కువ కడుతున్నారు. పైగా ఐదారేళ్ళకు బండి అమ్మాలనుకుంటే ఇంకా లోను మిగిలే ఉంటుంది. ఏడేళ్ళకు సాగదీస్తే తప్ప వాయిదా కట్టలేమనిపిస్తే ఆ బండి మీ బడ్జెట్‌ను దాటిందని అర్థం. ఒక మెట్టు కిందిది చూడండి. డీలరు చూపించే బ్యాంకుతో పాటు మీ జీతం పడే బ్యాంకును కూడా అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, గడువుకు ముందే తీర్చేస్తే పడే రుసుము రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

పెనుకొండలో తయారయ్యే కారు ఆంధ్రాలోనే కొంటే చవక కదా? ఏపీ నంబరుతో ఇక్కడ తిప్పుకోవచ్చా?

అనంతపురం వెళ్ళే దారిలో కియా ఫ్యాక్టరీని చూసి చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన ధర తగ్గదు. జీఎస్టీ వచ్చాక ఎక్స్‌షోరూమ్ ధర రాష్ట్రాల మధ్య దాదాపు ఒకేలా ఉంటోంది. బిడదిలో తయారయ్యే టొయోటా బండ్లకూ అంతే. తేడా వచ్చేది రోడ్డు పన్నులో, అది బండి ఎక్కడ రిజిస్టరైతే అక్కడిది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్తగా ఇక్కడి నంబరు తీసుకోవాలి, పన్ను కట్టాలి. బెంగళూరులోనే స్థిరంగా ఉండేవాళ్ళు మొదటే కేఏ నంబరు తీసుకుంటే రోడ్డు మీద ప్రతి తనిఖీలోనూ వివరణ ఇచ్చుకునే బాధ తప్పుతుంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటే అద్దె ఒప్పందం వంటి స్థానిక ఆధారాలు ఏవి చెల్లుతాయో బుకింగ్‌కు ముందే మీ ఆర్టీవో కార్యాలయంలో తెలుసుకోండి.

ఉద్యోగం ఎప్పుడు హైదరాబాదుకు మారుతుందో తెలియదు. బీహెచ్ నంబరు తీసుకోవచ్చా?

2021లో కేంద్రం తెచ్చిన బీహెచ్ సిరీస్ రాష్ట్రం మారినా మళ్ళీ రిజిస్ట్రేషన్ అవసరం లేకుండా చేస్తుంది. ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు, రక్షణ సిబ్బందికి, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు అర్హత ఉంది. పన్ను జీవితకాలానికి కాకుండా, రెండేళ్ళ వాటా చొప్పున రెండేళ్ళకోసారి కడతారు. రేటు 10 లక్షల లోపు 8 శాతం, 20 లక్షల దాకా 10, ఆపైన 12. డీజిల్‌కు 2 శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 శాతం తక్కువ. కర్ణాటకలో ప్రైవేటు ఉద్యోగులకు ఈ నంబరు ఇచ్చే విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి ఆఫీసు నుంచి తీసుకోవాల్సిన ధ్రువపత్రం గురించీ, మీ ఆర్టీవో పద్ధతి గురించీ అడ్వాన్సు కట్టకముందే కనుక్కోండి.

## ఇంధనం, గేరు

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా, హైబ్రిడ్డా?

నెలకు 1000 కిలోమీటర్ల లోపు, అదీ నగరంలోనే అయితే పెట్రోలు. డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే కాసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. రోజూ ఎనిమిది కిలోమీటర్లు ట్రాఫిక్‌లో కదులుతూ ఆగుతూ వెళ్ళే బండికి ఆ అవకాశం దొరకదు. హెచ్చరిక దీపం వెలిగి సర్వీసు సెంటరుకు వెళ్ళాల్సి వస్తుంది. ప్రతి వారాంతం కడపకో హైదరాబాదుకో వెళ్ళేవాళ్ళకు మాత్రం డీజిల్ ఇప్పటికీ మంచిదే.

సీఎన్‌జీ ఖర్చు తక్కువ. సిలిండరు డిక్కీని మింగుతుంది, బంకుల దగ్గర వరుస ఉంటుంది. పెట్టెలతో ఊరికి వెళ్ళే కుటుంబానికి ఇది ఇబ్బంది. గ్రాండ్ విటారా, హైరైడర్ వంటి స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు బెంగళూరు ట్రాఫిక్‌కే పుట్టాయా అన్నంత బాగా సరిపోతాయి. ఆగి కదిలే చోట ఎక్కువగా మోటారు మీదే నడుస్తాయి కనుక మైలేజీ సిటీలో పడిపోదు. కొనే ధర ఎక్కువ కాబట్టి రోజూ గంటల తరబడి రోడ్డు మీద ఉండేవాళ్ళకే ఆ డబ్బు తిరిగి వస్తుంది.

మరొక సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పలచబడడం వల్ల టర్బో లేని పెట్రోలు ఇంజను బలం పదో వంతు దాకా తగ్గుతుంది. విజయవాడలో హుషారుగా నడిచిన అన్నయ్యగారి కారు లాంటిదే ఇక్కడ కొంటే ఫ్లైఓవర్ మీద కొంచెం నీరసంగా అనిపిస్తుంది. బండిలో లోపం లేదు, అది ఎత్తు ప్రభావం.

ఎలక్ట్రిక్ కారు తీసుకుంటే తిరుపతి వెళ్ళి రాగలమా?

వెళ్ళి రాగలరు. బెంగళూరు నుంచి తిరుపతి సుమారు 250 కిలోమీటర్లు. హైవే మీద 90–100 వేగంతో ఒక మధ్యస్థాయి ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు 14 నుంచి 16 యూనిట్ల (kWh) కరెంటు తింటుంది. అంటే ఒకవైపు ప్రయాణానికి 35–40 యూనిట్లు. 45 యూనిట్ల బ్యాటరీ ఉంటే చేరగలరు, 30 యూనిట్లదైతే మధ్యలో ఒకసారి ఆగాలి. వెళ్ళేటప్పుడు మొత్తం మీద దిగువకు వెళ్తారు కనుక చార్జి తక్కువ ఖర్చవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువవుతుంది. తిరుమల కొండ ఎక్కేటప్పుడు ఖర్చయినదాంట్లో కొంత దిగేటప్పుడు బ్యాటరీలోకి తిరిగి చేరుతుంది. కంపెనీ చెప్పే రేంజిలో 70 శాతమే లెక్కలోకి తీసుకుని ప్రయాణం వేసుకోండి.

అసలు తేలాల్సింది ఇంట్లో చార్జింగ్. మీ పార్కింగ్ స్థలంలో మీ మీటరుకు కలిసే 15 ఆంపియర్ల సాకెట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అద్దె ఇల్లయితే యజమాని కూడా. అది కుదిరితే నగరంలో ఖర్చు చాలా తగ్గుతుంది: నెలకు 1000 కిలోమీటర్లకు, చార్జింగ్‌లో పోయేదానితో కలిపి, 150–160 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 1,100 దాకా. అదే దూరం ట్రాఫిక్‌లో లీటరుకు 13 ఇచ్చే పెట్రోలు బండికి 77 లీటర్లు కావాలి. ఇంటి దగ్గర చార్జింగ్ లేకుండా బయటి చార్జర్ల మీదే ఆధారపడేవాళ్ళకు ఇప్పుడే ఎలక్ట్రిక్ వద్దనే చెప్తాం.

ఆటోమేటిక్‌లో ఏఎంటీ, సీవీటీ, డీసీటీ అని ఏవేవో ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

రోజూ గంటకు పైగా ట్రాఫిక్‌లో ఉంటే ఆటోమేటిక్ తీసుకోండి. ఎడమ మోకాలికి మీరు చేసుకునే మేలు అది. ఏఎంటీ (మాన్యువల్ గేరుబాక్సులోనే గేర్లు తనంతట మార్చేది) చవక, మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది, గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు లేనిది), టార్క్ కన్వర్టర్ (ద్రవం ద్వారా ఇంజను బలాన్ని అందించేది) మెత్తగా ఉంటాయి, నగరానికి ఈ రెండూ బాగా నప్పుతాయి. డీసీటీ (రెండు క్లచ్చులున్నది) హైవే మీద ఆనందాన్నిస్తుంది కానీ, డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్చి) రకమైతే అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశం ఉంది. ఏది కొన్నా హిల్ హోల్డ్ (ఎత్తులో ఆగినప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టేది) ఉందో లేదో చూడండి. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా మాన్యువల్ మోడ్‌లోనో లో గేరులోనో పెట్టుకోవాలి.

ఈ20 పెట్రోలు కొత్త ఇంజనును పాడు చేస్తుందా?

2023 ఏప్రిల్ తర్వాత తయారైన కొత్త కార్ల భాగాలు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా ఉంటున్నాయి. మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. కొనే మోడల్ యజమాని పుస్తకంలో ఈ20 అని రాసి ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.

## షోరూమ్‌లో

స్టార్ రేటింగ్‌ను ఎంతవరకు నమ్మాలి?

నమ్మండి, కానీ వివరాలు చదవండి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. ముందు నుంచి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, పక్క నుంచి 50 వేగంతో ఢీకొట్టి చూస్తారు. పెద్దలకూ పిల్లలకూ విడివిడిగా స్టార్లు ఇస్తారు. పిల్లలున్నవాళ్ళు రెండో అంకె తప్పక చూడాలి. పరీక్షించినది ఏ రకమో, మీరు కొనే రకంలో అవే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో అడగండి. ఈ పరీక్ష తప్పనిసరి కాదు కనుక కొన్ని మోడళ్ళకు రేటింగే ఉండదు. అలాంటివాటి కన్నా పరీక్షలో నిలబడినదాన్నే ఎంచుకోమని మా సలహా. ఐదు స్టార్ల బండిలోనూ వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్లు వాళ్ళను కాపాడవు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణించడం మన కుటుంబాల్లో ఇంకా చాలా ఉంది. దయచేసి మానండి. ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించే పిల్లల సీటు ధరను కారు బడ్జెట్‌లోనే కలుపుకోండి.

టాప్ మోడల్ తీసుకోవాలా? పిల్లలు సన్‌రూఫ్ అడుగుతున్నారు.

చాలా మోడళ్ళలో మధ్య రకాలే డబ్బుకు తగినవి. భద్రతకు సంబంధించినవి, వెనక కెమెరా, వెనక ఏసీ గాలి, వైపరు, ఎత్తు సర్దుకునే డ్రైవరు సీటు వచ్చే రకం దగ్గర ఆగవచ్చు. ఇవి తర్వాత పెట్టించుకోవడం కష్టం. పాటల వ్యవస్థ, సీటు కవర్లు, అల్లాయ్ చక్రాలు తర్వాతైనా పెట్టించుకోవచ్చు. సన్‌రూఫ్‌లోంచి పిల్లలు తల బయటపెట్టి నిలబడడం ప్రాణాపాయం. అందుకోసమే అడుగుతుంటే వద్దని చెప్పండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

షోరూమ్ చుట్టూ ఐదు నిమిషాలు తిప్పితే ఏమీ తెలియదు. మీరు ఆఫీసుకు వెళ్ళే దారిలో, వెళ్ళే సమయంలోనే కావాలని అడగండి. చాలామంది డీలర్లు బండిని ఇంటికే పంపుతారు. ఏసీ వేసి, నలుగురు కూర్చుని, ఒక ఫ్లైఓవర్ ఎక్కండి. మీ అపార్ట్‌మెంట్ వాలుదారిలోకి దించి, మీ స్థలంలో పెట్టి చూడండి. కారు ముందు అద్దం పక్కనుండే స్తంభం మలుపుల్లో నడిచేవాళ్ళను కప్పేస్తోందా, హంపు మీద వెనకవాళ్ళు ఎగిరిపడుతున్నారా, ఎండలో తెర మీది అక్షరాలు కనిపిస్తున్నాయా అన్నవి గమనించండి. ఇంట్లో ఇద్దరు నడిపేవాళ్ళుంటే ఇద్దరూ నడపాలి. భర్త నడిపి నచ్చిందన్న బండిలో భార్యకు క్లచ్చి అందకపోతే ఆ కారు ఒకరికే పరిమితమవుతుంది.

## బుకింగ్, బీమా

ఆషాఢంలో తగ్గింపు ఎక్కువంటారు. అప్పుడు బుక్ చేసి శ్రావణంలో ఇంటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. ఆషాఢంలో కొనుగోళ్ళు తగ్గుతాయి కనుక బేరానికి వీలుంటుంది. అయితే తగ్గింపు బుకింగ్ తేదీకి వర్తిస్తుందా, బిల్లు తేదీకా అన్నది ముందే రాయించుకోండి. చాలాచోట్ల బిల్లు తేదీయే చూస్తారు. ఇక్కడ ఆయుధపూజకు డెలివరీలు విపరీతంగా ఉంటాయి. ఆ రోజే కావాలంటే బండిని సరిగ్గా తనిఖీ చేసే సమయం దొరకదు, కాబట్టి రెండు రోజుల ముందే వెళ్ళి చూసి పెట్టుకోండి.

డిసెంబరులో పెద్ద తగ్గింపు ఇస్తున్నారు. తీసుకోవాలా?

ఎనిమిది పదేళ్ళు ఉంచుకునేవాళ్ళు తీసుకోవచ్చు. మూడు నాలుగేళ్ళలో అమ్మేవాళ్ళకు నష్టం, ఎందుకంటే ఆర్‌సీ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. జనవరిలో కొన్నా పోయిన ఏడాది బండిగానే ధర కడతారు.

బీమా డీలరు దగ్గరే తీసుకోవాలంటున్నారు. నిజమేనా?

కాదు. మీకు నచ్చిన సంస్థ దగ్గర తీసుకోవచ్చు. బయట ధర కనుక్కుని చూపిస్తే చాలాసార్లు డీలరే తగ్గిస్తారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, సొంత నష్టానికి ఒక్క ఏడాదికే తీసుకోవచ్చు. జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనం పేరుతో డబ్బు కోయని అదనపు రక్షణ) తప్పక చేర్చండి. అది లేకపోతే బంపరు వంటి ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బు మీరే పెట్టుకోవాలి.

బెంగళూరులో ఇంజను రక్షణ అనే అదనపు బీమా కూడా అవసరమే. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు మునిగాయి. బేస్‌మెంట్లలో కార్లు తేలాయి. నీళ్ళలో ఆగిపోయిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి ఇంజను విరుగుతుంది, మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు. నీళ్ళలో బండి ఆగితే తాళం ముట్టుకోకుండా తోయించి, లాగించి తీసుకెళ్ళాలి.

కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలని 8,000 వేశారు. కట్టాలా?

కట్టనక్కర్లేదు. బండిని గోదాము నుంచి షోరూమ్‌కు తేవడం డీలరు పని. ఆ పద్దు తీసేయమని మర్యాదగా, గట్టిగా అడగండి. అడగకుండా చేర్చిన యాక్సెసరీల ప్యాకేజీ, పొడిగించిన వారంటీ విషయంలోనూ అంతే. వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు. అడ్వాన్సు రసీదులో రంగు, రకం, తయారీ నెల, రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందన్నది ఉండాలి.

## డెలివరీ, ఆ తర్వాత

బండి తీసుకునే ముందు ఏం తనిఖీ చేయాలి?

రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుగులో చూడండి. నంబరు పడ్డాక బండి మార్చమంటే ఎవరూ మార్చరు. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి. టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి: 3525 అంటే 2025లో 35వ వారం. ఐదు టైర్లూ, స్టెప్నీతో సహా, చూడండి. మీటరులో వందల కిలోమీటర్లు ఉంటే ఎందుకో అడగండి. తలుపు అంచుల దగ్గర రంగు తేడా, అద్దాల మీద గీతలు, ఏసీ, అన్ని కిటికీలు, రెండో తాళం, జాకీ చూసుకోండి. కొత్త బండికి హై సెక్యూరిటీ నంబరు ప్లేటు కంపెనీ తరఫునే వస్తుంది, దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు.

కాణిపాకంలో పూజ చేయించాలి. వెంటనే వెళ్ళవచ్చా?

సుమారు 180 కిలోమీటర్లు, కొత్త బండికి మంచి మొదటి ప్రయాణమే. శాశ్వత నంబరు ప్లేటు బిగించాక వెళ్తే సరిహద్దులో మాటలు ఉండవు. బీమా, తాత్కాలిక పత్రాలు ఫోనులోనూ కాగితం మీదా ఉంచుకోండి. మొదటి 1000 కిలోమీటర్లు ఇంజనును మరీ ఎక్కువగా తిప్పకుండా, ఒకే వేగంతో గంటల తరబడి పోకుండా నడపండి. పూజలో చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ముందు ఎవరూ నిలబడకుండా చూడండి. కొత్త ఆటోమేటిక్ బండిలో బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కే ప్రమాదం ఉంది.

రెండేళ్ళకు విజయవాడకు బదిలీ అయితే కట్టిన పన్ను పోయినట్టేనా?

పూర్తిగా పోదు. ఇక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, లోను ఉంటే బ్యాంకు అంగీకారం కూడా కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త నంబరు తీసుకుని అక్కడి పన్ను కట్టాక, ఆ రసీదు, కొత్త ఆర్‌సీ నకలుతో కర్ణాటకలో మిగిలిన కాలానికి పన్ను వాపసు కోసం దరఖాస్తు చేయాలి. బండి వయసును బట్టి కొంత భాగం తిరిగి వస్తుంది. మొదటి రోజు కట్టిన పన్ను రసీదు అసలు ప్రతిని ఇంటి కాగితాలతో పాటు దాచండి.